ఫైల్ మొదట్లో ఎవరి పేరు ఉండాలి

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీస్సులు.

బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో ఊరి వారీగా రాసిపెట్టుకునే మీ ప్రోగ్రాం మొత్తం చదివాను. మన నల్లగొండకు కావాల్సిన పని బిడ్డా ఇది, బాగా రాశారు. నలుగురికీ ఉచితంగా ఇచ్చే ముందు ఫైళ్ల మొదట్లో కోడ్ ఎవరిదో, ఏ ఏడాదిదో చెప్పే కాపీరైట్ లైన్లు ఒక్కసారి చూసుకో.

చార్టులు గీసే ఫైల్ మీరు రాసింది కాదు. ఎంఐటీ లైసెన్స్ కింద, అంటే ఎవరైనా వాడుకోవచ్చన్న అనుమతితో, ఇంకొకరు ఇచ్చినదాన్ని తెచ్చుకున్నారు. తెచ్చుకోవడం తప్పేమీ కాదు. కానీ 2016 అని ఉన్న వాళ్ల లైన్ తీసేసి, 2025 అని మీ టీం పేరు పెట్టారు. ఆ కాపీరైట్ లైనూ లైసెన్స్ పాఠమూ కాపీల్లో ఉంచమని తప్ప ఆ లైసెన్స్ మనల్ని పెద్దగా అడిగేదేమీ లేదు. పహాణీలో పాత పట్టాదారు పేరు కొట్టేసి మన పేరు ఎక్కించుకుంటే ఊళ్లో ఊరుకుంటారా? వాళ్ల లైన్ అక్షరం మారకుండా మళ్లీ పెట్టు. మీరు కలిపింది చెప్పుకోదగ్గంత ఉంటేనే దాని కింద మీ లైన్ రాయి. రెండు స్పెల్లింగులు దిద్దినంత మాత్రాన పేరు ఎక్కించొద్దు. అపాచీ 2.0 అనే ఇంకో లైసెన్స్ కింద వచ్చిన ఫైలైతే, మార్చిన సంగతి కూడా అందులో రాయాలి.

జనవరి రాగానే స్క్రిప్ట్ నడిపి అన్ని ఫైళ్లలో ఏడాది మార్చేస్తుంటారు కొందరు. ముట్టుకోని ఫైల్‌కు కొత్త ఏడాది వేయడం అబద్ధం రాయడమే. అనుమానం వస్తే కోడ్‌లో మార్పుల చిట్టా అయిన గిట్ లాగ్‌ను ఫాలో ఆప్షన్‌తో చూడు, ఫైల్ పేరు మారినా పాత చరిత్ర దొరుకుతుంది. అయితే కమిట్ చేసినవాళ్లే, అంటే ఆ మార్పును గిట్‌లో ఎక్కించినవాళ్లే, రాసి ఉంటారని అనుకోకు, అడుగు.

లైన్ లేకపోతే హక్కు పోతుందేమోనని టెన్షన్ వద్దు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాయగానే హక్కు వస్తుంది. కోడ్ ఎవరిది, ఎవరిని అడగాలి అన్నది తెలియడానికే ఆ లైన్. మీరు సొంతంగా రాసిన ఫైళ్లలో లైసెన్స్ పాఠమంతా అతికించక్కర్లేదు, ఏ లైసెన్సో క్లుప్తంగా చెప్పే ఎస్‌పీడీఎక్స్ లైన్ ఒకటి చాలు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో 2017 నుంచి అదే పద్ధతి.

మీ టీంలో ఒకబ్బాయి ఉద్యోగంలో చేరాడన్నావు. ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, అదే చట్టం 17వ సెక్షన్ ప్రకారం మొదటి హక్కుదారు కంపెనీయే. ఇప్పుడు అతను పంపేది సొంత పనా, ఆఫీసు పనా అని అడుగు. ఫోన్‌లో చెప్తే సరిపోదు, మెయిల్‌లో రాసి పంపమను. అది వచ్చాకే అతని ఫైళ్లకు పేరు పెట్టు.

మీ మామ