ఆ కాగితం పేరేమిటని అడిగిన సలహాదారు

ప్రశ్న: ‘టోనీ బ్లెయిర్ సంస్థతో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ చేతులు కలిపాయి. ఒక బ్రిటన్ మాజీ ప్రధాని పెట్టిన సలహా సంస్థ వల్ల ప్రభుత్వాలకు నిజంగా ఒరిగేదేమైనా ఉంటుందా?’

ఉంటుందనే నా సమాధానం. ఆ సంస్థకు ఇప్పటి పేరు రాకముందు, ‘ఆఫ్రికా గవర్నెన్స్ ఇనీషియేటివ్’గా పనిచేస్తున్న రోజుల్లో, నేను పశ్చిమ ఆఫ్రికా దేశమైన సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌లో ఉన్నాను. బ్లెయిర్ 2008లో ఆ పనిని రువాండా, సియెర్రా లియోన్‌లలో మొదలుపెట్టి, 2016 చివర్లో తన సంస్థలన్నిటినీ ఒక్క గొడుగు కిందికి తెచ్చారు. నగరానికి తూర్పున, రేవుకు దగ్గరగా ఉండే కిస్సీ ప్రాంతంలో ఒక భారతీయ వ్యాపారి మందుల గోదాములో నేను లెక్కలు చూసేవాణ్ణి.

2010 ఏప్రిల్ 27న, తమ స్వాతంత్ర్య దినం నాడు, అధ్యక్షుడు ఎర్నెస్ట్ బాయ్ కొరోమా గర్భిణులకు, బాలింతలకు, ఐదేళ్లలోపు పిల్లలకు ఉచిత వైద్యం ప్రారంభించారు. పదకొండేళ్ల అంతర్యుద్ధం 2002లో ముగిసిన దేశం అది. ప్రసవ సమయంలో తల్లులు చనిపోవడం అప్పట్లో ప్రపంచంలోనే అత్యధికంగా ఉన్న దేశాల్లో ఒకటి. ప్రారంభానికి ముందు నెలలో వైద్య సిబ్బంది సమ్మెకు దిగారు, జీతాలు పెంచవలసి వచ్చింది, జీతాల పట్టీలోని దొంగ పేర్లను ఏరివేయవలసి వచ్చింది, ఓడల్లో వచ్చిన మందులను జిల్లాలకు చేర్చవలసి వచ్చింది. ఏ పని ఎక్కడ ఆగిందో వారం వారం కనిపెట్టి అధ్యక్షుడి ముందు పెట్టే పనిలో బ్లెయిర్ మనుషులు ప్రభుత్వానికి తోడుగా ఉండేవారు.

ఆగస్టు నెల, కుండపోత వానలు. సర్కారు సరుకు కొంత మా గోదాములో నిల్వ ఉండేది. అందులో ఫ్రీటౌన్‌కు దగ్గరలోని వాటర్లూ పట్టణం వైపు ఆరోగ్య కేంద్రాలకు వెళ్లవలసిన నలభై ఓఆర్‌ఎస్ కార్టన్లు పదకొండు రోజులుగా కదలలేదు. పిల్లలకు విరేచనాలు పట్టుకునే కాలం అది. లారీ ఉంది, డ్రైవరు ఉన్నాడు, ఒక్క సంతకం మాత్రం లేదు. ఆ రోజు అధ్యక్షుడి కార్యాలయం తరఫున ఒక యువతి వచ్చింది. తాను బ్లెయిర్ సంస్థ మనిషినని చెప్పింది. ఆలస్యానికి కారణం ఎవరని అడుగుతుందేమోనని నేను సంజాయిషీకి సిద్ధమవుతుంటే, ఆమె తడిసిన గొడుగు పక్కన పెట్టి, బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని, ‘ఆగిపోయిన కాగితం పేరేమిటి, అది ఎవరి బల్ల మీద ఉంది?’ అని మాత్రమే అడిగింది. నేను చెప్పింది పుస్తకంలో రాసుకుంది. మూడో రోజున సంతకం వచ్చింది, లారీ కదిలింది.

ఈ సంగతి ఇక్కడితో ముగిసి ఉంటే పలుకుబడితో పని జరిగిందని సరిపెట్టుకునేవాణ్ణి. తర్వాతి మంగళవారం ఆమె మళ్లీ వచ్చింది. కార్టన్లు చేరాయా అని అడిగితే, చేరాయని చలానా చూపించాను. చలానా చాలదని, నన్ను వెంటబెట్టుకుని వాటర్లూ వెళ్లింది. అక్కడి నర్సు గది తాళం తీసి, విప్పిన కార్టన్‌నూ స్టాకు రిజిస్టరునూ చూపించింది. వసారాలో లాపా గుడ్డతో బిడ్డను వీపున కట్టుకున్న తల్లులు వరుసగా కూర్చుని ఉన్నారు. ఆ రెండో రాక విలువ ఏ నివేదికకూ ఉండదని అప్పటి నుంచీ గట్టిగా నమ్ముతున్నాను. తొలి ఏడాదిలోనే ఆసుపత్రులకు వచ్చిన చిన్నపిల్లల సంఖ్య రెండింతలకు మించి పెరిగింది.

ఆమెకు ఆ తలుపులు తెరుచుకోవడానికి బ్లెయిర్ పేరే కారణమని కూడా ఒప్పుకోవాలి. 2000లో ఆయన పంపిన బ్రిటిష్ సైన్యం ఫ్రీటౌన్‌ను కాపాడిందన్న కృతజ్ఞత అక్కడి ప్రజల్లో బలంగా ఉంది. 2007లో ఆయనకు గౌరవ పారమౌంట్ చీఫ్ (అక్కడి సంప్రదాయ ప్రాంతీయ పెద్ద) బిరుదు కూడా ఇచ్చారు. అదే మనిషి ఇరాక్ యుద్ధానికి బాధ్యుడన్న సంగతిని నేను మరచిపోలేదు, మరచిపోమని ఎవరికీ చెప్పను. ఆ పద్ధతికి ఉన్న హద్దు కూడా తర్వాత బయటపడింది. 2014లో ఎబోలా వచ్చినప్పుడు ఆ దేశంలో దాదాపు 4,000 మంది చనిపోయారు. చాలినంత మంది నర్సులు, చేతి తొడుగులు లేనిచోట ఎంత శ్రద్ధగా ఆరా తీసినా ఫలితం ఉండదు.

మన రాష్ట్రాల విషయంలో నా బాధ వేరు. ఆంధ్రప్రదేశ్ 2024 డిసెంబరులో, తెలంగాణ 2025లో ఈ సంస్థతో అంగీకారానికి వచ్చాయి; రెండు చోట్లా 2047 నాటి కలల గురించే ఎక్కువగా వింటున్నాను. ఇలాంటి కల మనం ఒకసారి చూశాం. 1999లో మెకిన్సే అనే సలహా కంపెనీ సహకారంతో తయారైన రాష్ట్ర ప్రణాళిక ‘విజన్ 2020’ కాలంలో ఆంధ్రప్రదేశ్‌కు పెద్దయెత్తున సాయం చేస్తున్నది అప్పటి బ్లెయిర్ ప్రభుత్వమే. అందులో వ్యవసాయం మీద బతికేవారిని 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్న ఆలోచనను, 2001 జూన్‌లో మెదక్ జిల్లా అల్గోలులో జరిగిన ‘ప్రజాతీర్పు’లో, ఎక్కువమంది మహిళలే ఉన్న చిన్న, సన్నకారు రైతుల జ్యూరీ నిండుగా విని, నిపుణులను ప్రశ్నించి, తిరస్కరించింది. ఆ రైతులకు ముందుగా ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పత్రం అలా ఉండేది కాదు. ఇప్పటికీ ఇలాంటి పత్రాలు ఇంగ్లీషులోనే పుడుతున్నాయి. మండల కేంద్రంలో ఫార్మసిస్టుకు తాను అమలు చేయవలసిన ప్రణాళిక తన భాషలో చేతికి అందదు. ఇది నన్ను నిజంగా నొప్పించే విషయం.

ఆ సంస్థకు డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. ఒరాకిల్ అధినేత లారీ ఎలిసన్ ఫౌండేషన్ దానికి ప్రధాన దాత. సాఫ్ట్‌వేర్ వ్యాపారి సొమ్ముతో నడిచే సంస్థ ప్రతి రోగానికీ కృత్రిమ మేధను మందుగా సూచిస్తే, ఆ సలహాను మన అధికారులు రెండుసార్లు చదివి చూడాలి. అందుకే ఒప్పందం పూర్తి పాఠాన్ని తెలుగులో ప్రజల ముందు పెట్టాలని, సలహాదారుల తొలి నెలను సచివాలయంలో కాకుండా పాడేరులోనో ఉట్నూరులోనో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు మందుల గదిలో గడిపించాలని కోరుతున్నాను. అక్కడ నిండుకున్న మందు ఏదో, దాని కోసం పెట్టిన ఇండెంటు ఎవరి బల్ల మీద ఆగిందో ఫార్మసిస్టు వాళ్లకు మొదటి పూటే చెప్పగలడు.