పక్షవాతం తర్వాత నడకకి ట్రెడ్‌మిల్ సెంటరా, ఇంటి దగ్గర ఫిజియోనా?

నాన్నగారికి స్ట్రోక్ వచ్చి నెలన్నర దాటిందనీ, బెల్టు కట్టి ట్రెడ్‌మిల్ మీద నడిపించే సెంటర్లో చేర్చాలా, ఫిజియోను ఇంటికే పిలవాలా అనీ అడిగారు. అమ్మకి ఎడమ వైపు పడిపోయినప్పుడు మాకూ ఇదే టెన్షన్. ఇంటికి వచ్చే మంచి ఫిజియో దొరికితే మాత్రం మిషన్ కోసం అప్పు చేయకండి.

అమెరికాలో ఈ రెండు పద్ధతుల్నీ 408 మందిలో పోల్చి చూశారు. లీప్స్ ట్రయల్ అంటారు, 2011లో ఫలితాలు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి నడక రెండు పద్ధతుల్లోనూ దాదాపు ఒకేలా మెరుగైంది. పైగా నడక బాగా దెబ్బతిన్నవాళ్లలో, రెండు నెలలకే ట్రెడ్‌మిల్ ఎక్కినవాళ్లు పదేపదే కింద పడిపోవడం ఎక్కువగా కనిపించింది. మీరిప్పుడు దాదాపు ఆ సమయంలోనే ఉన్నారు.

అయితే ఇంటి దగ్గర ఫిజియో అంటే కరెంటు పెట్టి, కాలు నాలుగుసార్లు ఆడించి వెళ్లిపోవడం కాదు. మాకు మొదట వచ్చినాయన అంతే చేసేవారు. తర్వాత వచ్చినావిడ అన్నీ అమ్మ చేతే చేయించారు. కుర్చీలో దుప్పట్లు మడిచి వేసి ఎత్తు పెంచేవారు. పాదాలు వెనక్కి లాక్కుని, నడుం ముందుకి వంచి, చేతులు ఆనించకుండా లేవాలి. అమ్మ తేలిగ్గా లేస్తోందనిపించగానే ఒక దుప్పటి తీసేసేవారు. మళ్లీ కష్టం, మళ్లీ సాధన. అమ్మ కాలికి బలం వచ్చింది అక్కడే.

చేతికి ఇంకో పద్ధతి ఉంది. బాగున్న చేతికి మందపాటి గ్లౌజు తొడిగి, పడిపోయిన చేత్తోనే పనులు చేయిస్తారు. 2006లో వచ్చిన ఎక్సైట్ ట్రయల్‌లో రెండు వారాలు ఇలా చేసినవాళ్లకి మామూలు వైద్యం కన్నా మంచి ఫలితం వచ్చింది. కాకపోతే మణికట్టు, వేళ్లు కొంచెమైనా పైకి లేచేవాళ్లకే ఇది పనికొస్తుంది. అమ్మకి వేళ్లు కదలడం మొదలయ్యాక గిన్నెలోంచి శనగలు ఒక్కొక్కటే ఏరించాం. విసుక్కునేది, అయినా మానలేదు.

అలాగని ఫిజియో లేకుండా మనమే చేయించేద్దాం అనుకోవద్దు. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో, 1250 మందితో చేసిన అటెండ్ ట్రయల్‌లో, మామూలు వైద్యానికి తోడు ఇంట్లోవాళ్లకి శిక్షణ ఇచ్చి చేయించినా ఆరు నెలలకి అదనపు లాభం కనిపించలేదు.

నాన్నగారిని లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని గుంజకండి, భుజం కీలు జారుతుంది. బీపీ చూశాకే వ్యాయామం మొదలుపెట్టండి. సెంటరుకి కట్టాలనుకున్న డబ్బుతో ఫిజియోను వారంలో ఇంకో రెండు రోజులు రమ్మనండి.