గుండె ఆపరేషన్‌కి ఎంతవుతుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. షుగరు ఉంది. మూడు రక్తనాళాల్లో అడ్డంకులున్నాయి, బైపాస్ చేయాలన్నారు. రెండు ఆసుపత్రుల్లో అడిగితే చెప్పిన మొత్తాలకి చాలా తేడా ఉంది. తక్కువ చెప్పిన చోట చేయించవచ్చా?

జవాబు: ఆ రెండు మొత్తాల్లో కలిసినవి ఒకటేనా అన్నది ముందు తేల్చుకోండి. చాలాసార్లు కాదు. ఒకరు పరీక్షలు, రక్తం, మందులతో సహా ప్యాకేజీ చెబుతారు. ఇంకొకరు ఆపరేషన్, గది వరకే చెప్పి, మిగతావి వాడకాన్ని బట్టి వేస్తారు. రెండోది వినడానికి తక్కువే, చివరి బిల్లు తక్కువ కావాలని లేదు.

పద్దులవారీగా రాసిచ్చిన ఎస్టిమేట్ అడగండి. సర్జన్, మత్తు డాక్టరు, గుండె-ఊపిరితిత్తుల యంత్రం నడిపే పర్ఫ్యూజనిస్టు ఫీజులు, థియేటర్ చార్జీ, రక్తానికి ఆక్సిజన్ అందించే, ఒక్కసారే వాడే ఆక్సిజనేటర్, ట్యూబుల సెట్టు లాంటి సామాను, ఎన్ని యూనిట్ల రక్తం, ఐసీయూలో ఎన్ని రోజులు, వార్డులో ఎన్ని రోజులు అన్నవి విడివిడిగా కనిపించాలి. ఏ ఇబ్బందీ రాకపోతే బైపాస్ అయ్యాక సాధారణంగా ఒకటి రెండు రోజులు ఐసీయూ, మొత్తం మీద 5 నుంచి 7 రోజులు ఆసుపత్రిలో ఉంటారు. ప్యాకేజీ 5 రోజులకే అయితే ఆరో రోజు నుంచి రోజుకెంతో అడగాలి.

ఎస్టిమేట్ చివర చిన్న అక్షరాల్లో ‘ప్యాకేజీలో చేరనివి’ అని ఉంటుంది. బిల్లు పెరిగేది ఎక్కువగా అక్కడే కాబట్టి ఆ భాగం నిదానంగా చదవండి. రక్తస్రావం ఆగక మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లడం, గుండెకు ఆసరాగా పెట్టే బెలూన్ పంపు, ఎక్కువ రోజుల వెంటిలేటర్, డయాలిసిస్, పేస్‌మేకర్, ఖరీదైన యాంటీబయాటిక్స్ సాధారణంగా ఆ జాబితాలోనే ఉంటాయి. ఇవి వచ్చాయంటే ఎవరో తప్పు చేశారనుకోకూడదు. ఆపరేషన్ ఎంత బాగా జరిగినా సుమారు ముగ్గురు నలుగురిలో ఒకరికి గుండె లయ తప్పుతుంది. చాలామందికి మందులతో సర్దుకుంటుంది కానీ, డిశ్చార్జి ఒకటి రెండు రోజులు వెనక్కి పోతుంది.

మీ నాన్నగారి విషయంలో ఖర్చు ఎటు పోవచ్చో కొంతవరకు ముందే తెలుసుకోవచ్చు. వయసు, షుగరు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, గుండె పంపింగ్ శాతం లాంటివి వేసి, ఆపరేషన్‌లో ప్రమాదాన్ని అంచనా వేసే ఎస్‌టీఎస్ స్కోరు లెక్కిస్తారు. అది ప్రాణాపాయాన్నే కాదు, కిడ్నీ దెబ్బతినడం, వెంటిలేటర్ మీద ఎక్కువసేపు ఉండటం, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉండాల్సి రావడం ఎంత సంభవమో కూడా శాతాల్లో చెబుతుంది. సర్జన్ గారిని ఆ స్కోరు అడగండి. బిల్లింగ్ విభాగంలో మాత్రం ఇలా అడగండి: “ఇలాంటి పేషెంట్లకి మామూలుగా అయ్యే చివరి బిల్లు ఎంత? ఇబ్బంది వచ్చినప్పుడు ఎంత దాకా వెళ్లింది?” ఎస్టిమేట్‌లో కనీసం మూడో వంతు అదనంగా అందుబాటులో ఉంచుకోమని మా సలహా. స్కోరు ఎక్కువుంటే అదీ చాలదు.

ఇవన్నీ సరిచూశాక కూడా ఒకచోట తక్కువే అయితే, ఆ బృందం బైపాస్‌లు తరచుగా చేస్తుందా, ఫలితాలెలా ఉన్నాయి అని అడగండి. జవాబు తృప్తిగా ఉంటే నిరభ్యంతరంగా చేయించండి.

ప్రశ్న: నా వయసు 48. గుండె వాల్వ్ మార్చాలన్నారు. మెకానికల్ వాల్వ్, టిష్యూ వాల్వ్‌లలో ఏది చవక?

జవాబు: వాల్వ్ ధర ఒక్కటే చూస్తే పొరబడతారు. కృత్రిమ పదార్థాలతో చేసిన మెకానికల్ వాల్వ్ సాధారణంగా జీవితాంతం పనిచేస్తుంది. కానీ అది పెట్టుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర జీవితాంతం రోజూ వేసుకోవాలి, ఆ మందు సరిపోతోందో లేదో చెప్పే ఐఎన్ఆర్ రక్తపరీక్ష మొదట్లో తరచుగా, నిలకడపడ్డాక సుమారు నెలకోసారి చేయించాలి. జంతువుల కణజాలంతో చేసే టిష్యూ వాల్వ్‌కి చాలామందిలో ఆ బాధ కొద్ది నెలలతో తీరుతుంది. కానీ అది 10 నుంచి 20 ఏళ్లలో అరుగుతుంది, చిన్న వయసువారిలో ఇంకా త్వరగా. అప్పుడు రెండో ఆపరేషన్ ఖర్చు, దాని ప్రమాదం కూడా లెక్కలోకి వస్తాయి. అందుకే 50 లోపు వారికి మెకానికల్ వైపు, 65 దాటినవారికి టిష్యూ వైపు డాక్టర్లు మొగ్గుతారు. అయితే ఐఎన్ఆర్ పరీక్ష అందుబాటులో లేకపోయినా, మాత్ర క్రమంగా వేసుకోలేకపోయినా మెకానికల్ వద్దు. రక్తం గడ్డకట్టి వాల్వ్ బిగుసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది. పరీక్షలు తప్పించుకోవడానికి వార్ఫరిన్ మాని డాబిగాట్రాన్, అపిక్సాబాన్ లాంటి కొత్త మందులకు మారకండి. మెకానికల్ వాల్వ్‌కి అవి పనికిరావు.

ప్రశ్న: ఎస్టిమేట్ మొత్తానికి సరిపడా బీమా ఉంది. ఇంకా చేతిలో డబ్బు కావాలా?

జవాబు: కావాలి. పాలసీలో గది అద్దెకు పరిమితి ఉందేమో చూడండి. కొన్ని పాలసీల్లో అంతకు మించిన గది తీసుకుంటే అద్దె తేడాతో ఆగదు, మిగతా చార్జీల్లో కొన్నింటిని కూడా ఆ నిష్పత్తిలో కోస్తారు. మీరు కట్టాల్సిన వాటా ఎంత, పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ పూర్తయిందా, వాల్వ్, పేస్‌మేకర్ లాంటి ఇంప్లాంట్లకు విడిగా పరిమితి ఉందా అన్నవీ చూసుకోండి. ఆపరేషన్ తేదీకి కొన్ని రోజుల ముందే బీమా కంపెనీ అనుమతికి కాగితాలు పంపించండి. మొదట వచ్చే అనుమతి తుది మొత్తం కాదు. బీపీ, షుగరు ఎన్నేళ్లుగా ఉన్నాయో బీమా తీసుకున్నప్పటి ప్రపోజల్ ఫారంలో ఒకటి, ఆసుపత్రి కేస్‌షీట్‌లో ఒకటి ఉంటే క్లెయిమ్ ఆగిపోవచ్చు. నిజమే చెప్పండి, అంతటా ఒకటే రాయించండి.

ప్రశ్న: డబ్బు సర్దుకునే దాకా ఆపరేషన్ వాయిదా వేయవచ్చా?

జవాబు: అది మీ కార్డియాలజిస్టు చెప్పాల్సిన మాట. ఎన్ని వారాలు ఆగవచ్చో సూటిగా అడగండి. గుండెకు రక్తమిచ్చే ఎడమ ప్రధాన రక్తనాళంలో అడ్డంకి ఉన్నా, కూర్చున్నా నొప్పి వస్తున్నా, గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని అయోర్టిక్ వాల్వ్ బాగా ఇరుకై స్పృహ తప్పుతున్నా ఆగకండి. అత్యవసరంగా చేరితే ప్రమాదమూ ఎక్కువే, బిల్లూ ఎక్కువే.

ఆగవచ్చంటే ఆ వారాలు వృథా చేయకండి. కనీసం 4 వారాల ముందే పొగ మానాలి. షుగరు అదుపులోకి తేవాలి. రక్తహీనతకు వైద్యం చేయించుకుంటే రక్తం ఎక్కించే అవసరం తగ్గుతుంది. వాల్వ్ ఆపరేషన్ అయితే, నోటి ఇన్ఫెక్షన్ వాల్వ్‌కి చేరకుండా పళ్లు కూడా చూపించుకోవాలి. రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ మాత్రను సాధారణంగా ఆపరేషన్‌కి 5 రోజుల ముందు ఆపిస్తారు. చేరిన తర్వాత ఆపితే ఆ రోజుల అద్దె మీ మీదే పడుతుంది కాబట్టి తేదీ ముందే మాట్లాడుకోండి. సొంతంగా మాత్రం ఆపవద్దు, స్టెంట్ ఉన్నవారు అసలే వద్దు.

తర్వాతి నెలల ఖర్చూ ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఛాతీ ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. బరువులెత్తే పని చేసేవారికి సుమారు 3 నెలల ఆదాయం పోతుంది. తోడుండేవారి జీతం, రాకపోకలు, నెలనెలా మందులు, ఫాలోఅప్ ఎకోలు (గుండె స్కానింగ్‌లు) ప్యాకేజీలో ఉండవు.