ఆయన అనని మాటకు జవాబిచ్చారు, అక్కడే చెడింది

పక్కింటాయనతో మాట గొడవగా ఎందుకు మారిందని, మళ్లీ ఎలా మాట్లాడాలని అడిగారు. మీరు ఆయన అనని మాటను ఖండించారు, గొడవకు కారణం అదే. పర్లాకిమిడి రథయాత్ర రోజు విగ్రహారాధనను ఒప్పుకోని ఒడిశా మతశాఖ మహిమా ధర్మం పాటించే మీ పక్కింటాయన "చెక్క విగ్రహానికి మొక్కడమేంటి?" అన్నారు. మీరు "అంటే దేవుడే లేడంటారా?" అన్నారు. ఆయన అలేఖుడనే ఆకారం లేని దేవుణ్ణి కొలిచే మనిషి. దేవుడు లేడని ఎక్కడ అన్నారు?

మళ్లీ కూర్చున్నప్పుడు:

1. ముందు ఆయన వాదనను మీరే చెప్పండి: "ఆకారం లేనివాడికి ఆకారం కల్పిస్తున్నామని మీ అభ్యంతరం, అంతేనా?" "అవును, అదే" అని ఆయన అనేదాకా జవాబు మొదలుపెట్టొద్దు. దాదాపు అందరూ వదిలేసేది ఇదే. మన పండితులు పూర్వపక్షం అన్నది దీన్నే. ఆయన రెండుసార్లు సరిదిద్దినా నామోషీ పడకండి.

2. ఆ గొడవలో మిమ్మల్ని "చేపలు తినేవాడివి, నీకేం తెలుసు ధర్మం" అనడం ఆయన తప్పే. మళ్లీ అలా అంటే "నా తిండి పక్కనపెట్టి, నా మాటలో తప్పేంటో చెప్పండి" అనండి, మెల్లగా.

3. మన ప్రాచీన తర్కశాస్త్ర గ్రంథం న్యాయసూత్రాల లెక్కలో నిజం కోసం చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం. తన పక్షమంటూ నిలపకుండా ఎదుటివాడిని ఖండించడమే వితండ. వితండ మొదలైతే ఆ రోజుకు ఆపేయండి.