80 దాటినా మా మామ్మ బుర్ర అంత చురుగ్గా ఎలా ఉంది?

బరంపురంలో మీ మామ్మగారు బజారులో ఒడియాలో బేరమాడి, ఇంటికొచ్చి తెలుగులో లెక్క అప్పజెబుతారని, చదువు లేకుండానే ఇదెలా సాధ్యమని అడిగారు. ఆ రెండు భాషలే కొంత కారణం కావచ్చు.

వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోతుంది, వేగం తగ్గుతుంది, పేర్లు వెంటనే గుర్తుకురావు. మాటల సంపద, లోకజ్ఞానం మాత్రం చాలాకాలం నిలుస్తాయి. పైగా ఒక దారి బలహీనపడితే మెదడు మరో దారి వెతుక్కుంటుంది. ఈ నిల్వ శక్తినే కాగ్నిటివ్ రిజర్వ్ అంటారు.

రెండు భాషలవాళ్లు రోజంతా ఒకదాన్ని ఆపి మరొకటి ఎంచుకుంటూ ఉండాలి, అదే మెదడుకు కసరత్తు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే జబ్బు) రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష వచ్చినవారికన్నా రెండు భాషలవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది! నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

అన్ని అధ్యయనాల్లోనూ ఇలాగే రాలేదు, కాబట్టి భాషే మందు అనుకోకండి. బీపీ, షుగర్ అదుపు, నడక, వినికిడి తగ్గితే చెవి మెషిన్ కూడా ముఖ్యమే. మామ్మగారిని బజారుకు వెళ్లనివ్వండి. జారిపడతారని టెన్షన్ ఉంటే మీరూ తోడు వెళ్లండి.