పాత ల్యాప్‌టాప్‌కు 4కే మానిటర్ కలిపితే 30 హెర్ట్జ్ మించి ఎందుకు రాదు?

ల్యాప్‌టాప్‌లోని హెచ్‌డీఎంఐ పోర్టు 1.4 ప్రమాణానికి చెందినదైతే, 4కే చిత్రాన్ని పూర్తి రంగులతో సెకనుకు 30 సార్లకు (30 హెర్ట్జ్) మించి పంపే సామర్థ్యం దానికి ఉండదు. ఆ ప్రమాణంలో సెకనుకు గరిష్ఠంగా 10.2 గిగాబిట్ల సమాచారమే ప్రయాణిస్తుంది. 4కేను పూర్తి రంగులతో 60 హెర్ట్జ్ వద్ద చూపాలంటే 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 ఇచ్చే 18 గిగాబిట్ల సామర్థ్యం కావాలి. మౌస్ బాణం తడబడుతూ కదలడం, పేజీని జరుపుతున్నప్పుడు అక్షరాలు అదిరినట్లు కనిపించడం ఈ పరిమితి వల్లనే.

ఉదాహరణకు, ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ ద్వారా 30 హెర్ట్జ్ వద్ద ఆగిపోయిన మానిటరే, తెరను కలిపే మరో రకం పోర్టు అయిన మినీ డిస్‌ప్లేపోర్ట్ ఉండి దానికి కలిపితే, ప్రాసెసర్ రకాన్ని బట్టి 60 హెర్ట్జ్ అందుకోవచ్చు. ఆ పోర్టు లేనివారు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్‌ను 1920×1080కి తగ్గించి 60 హెర్ట్జ్ ఎంచుకోవచ్చు. అక్షరాల స్పష్టత కొంత తగ్గుతుంది గానీ, రోజంతా పనిచేసే కంటికి అదే హాయి.

ఖరీదైన కేబుల్ కొంటే సమస్య తీరుతుందని చాలామంది అనుకుంటారు. కేబుల్ నాసిరకమైతే తెర నల్లబడి మళ్లీ వెలుగుతుంటుంది, అప్పుడు మార్చవలసిందే; అంతే తప్ప పోర్టుకు లేని వేగాన్ని ఏ కేబులూ తెచ్చిపెట్టలేదు.