ఫారాలు తగ్గాయి, ఇంటి ఓనరు సంతకమే దొరకడం లేదు

“అన్నీ ఆన్‌లైన్ అయ్యాయి కదా, చిన్న వ్యాపారం రిజిస్టర్ చేసుకోవడం నిజంగా సులువైందా?” అని ఒకరు అడిగారు. సొంతిల్లు ఉన్నవాళ్లకు అయింది. అద్దెకుండేవాళ్లకు కాలేదు.

మా వదిన గుంటూరులో అద్దె ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్, పాన్, ఓటీపీలతో ఇంట్లో కూర్చునే అయిపోయింది, పైసా ఖర్చు లేదు. అలాంటి పేర్లతోనే వెబ్‌సైట్లు పెట్టి ఫీజులు గుంజేవాళ్లున్నారు, వాళ్లనెందుకు వదిలేస్తున్నారో నాకు అర్థం కాదు. ఫుడ్ రిజిస్ట్రేషన్‌కు ఏడాదికి వంద రూపాయలే కట్టాం. హైదరాబాదు, బెంగళూరు నుంచి ఆర్డర్లు మొదలయ్యాక జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పలేదు. సరుకు రాష్ట్రం దాటితే అమ్మకాలు ఎంత తక్కువున్నా తీసుకోవాల్సిందే.

అక్కడే అడ్రస్ ప్రూఫ్ దగ్గర ఆగిపోయాం. కరెంటు బిల్లేమో ఎప్పుడో పోయిన, ఓనరుగారి తండ్రి పేరు మీద ఉంది. అగ్రిమెంటు రాసిచ్చింది ఆయన కొడుకైన ఓనరుగారు. పేర్లు కలవలేదని నోటీసు వచ్చింది, జవాబుకు ఏడు పనిదినాలు గడువు. అభ్యంతరం లేదన్న ఎన్‌వోసీ కాగితం అడిగితే ఓనరుగారు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, “నీ మీద నమ్మకం లేక కాదమ్మా. రేపు కరెంటువాళ్లొచ్చి కమర్షియల్ మీటరు పెట్టమంటే? ఇంటి పన్ను పెంచితే?” అన్నారు. ఆయన భయంలో తప్పేముంది? ఏది పెరిగినా మేమే కట్టుకుంటామని అన్నయ్య రాసిచ్చాకే సంతకం పెట్టారు. ఈలోపు గడువు దాటి, అప్లికేషన్ మళ్లీ మొదటి నుంచి వేశాం. ఆవకాయ సీజను ఆ టెన్షన్‌లోనే గడిచిపోయింది.

2025 ఏప్రిల్‌లో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు తన అధికారులకు చెప్పింది: అగ్రిమెంటుతో పాటు ఇల్లు ఓనరుదని చూపే ఏదో ఒక కాగితం చాలు, ఓనరు ఆధార్, పాన్ అడగొద్దు అని. మంచి మాటే. కానీ తాతల పేర్ల మీదే మీటర్లున్న ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని లేవు?

2014లో తెలంగాణ తెచ్చిన టీఎస్-ఐపాస్ చట్టంలో పరిశ్రమలకు స్వీయ ధ్రువీకరణ, అంటే తామే రాసిచ్చే హామీ, ఉంది; గడువులోగా జవాబు రాకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. ఫ్యాక్టరీ మీద ఉంచిన నమ్మకం వంటింటి మీద ఎందుకు ఉంచరు? ఆధార్‌తో మనిషెవరో తేలాక, ఇక్కడే వ్యాపారం చేస్తున్నానని ఆమె రాసిచ్చిన మాట తీసుకుని జీఎస్టీ నంబరు ఇచ్చేయాలి. అనుమానముంటే తర్వాత వచ్చి చూసుకోవాలి. అలా ఇస్తే దొంగ బిల్లులతో పన్ను కాజేస్తారని భయం అంటారు. దొంగ కంపెనీలు పెట్టేవాళ్ల దగ్గర కాగితాలన్నీ పక్కాగానే ఉంటాయండీ, దొరకనిది మా వదినలాంటి వాళ్లకే.

మీరూ అద్దె ఇంట్లో మొదలుపెట్టాలనుకుంటే, ఇల్లు మాట్లాడుకునే రోజే మీటరు ఎవరి పేరున ఉందో చూడండి. ఇంట్లోంచి వ్యాపారం చేసుకోవడానికి అభ్యంతరం లేదన్న వాక్యం అగ్రిమెంటులోనే రాయించుకోండి. అడ్వాన్సు ఇవ్వకముందే.